మేయోలో వెతకాల్సింది పేరు కాదు, నేల నంబరు

ఐర్లాండ్‌లో తాతముత్తాతల ఆచూకీ వెతికేవాళ్లు ముందుగా తెరిచేది గ్రిఫిత్ వాల్యుయేషన్ పుస్తకాలనే. 1821 నుంచి 1851 దాకా రాసిన జనగణన కాగితాలు దాదాపు అన్నీ 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డాఫీసుతో పాటు కాలిపోయాయి. 1861 నుంచి 1891 వరకు ఉన్నవాటిని అంతకుముందే ప్రభుత్వమే పోగొట్టింది. పూర్తిగా మిగిలిన మొదటి జనగణన 1901దే. అందుకే 1847–1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ అచ్చువేయించిన పన్ను మదింపును జనం జనాభా లెక్కలా చదువుతారు. ఇంటిపేరు కలిస్తే చాలు, మావాడే అంటారు. మా మేయో కౌంటీలో అలా చదివితే దారి తప్పడం ఖాయం. ఇక్కడ పట్టుకోవాల్సింది నేల నంబరును.

ఒక పేజీ చూడండి. ఎడమ అంచున మ్యాపు నంబరు, అంటే ఆ నేల నంబరు, పక్కన సాగుదారు పేరు, తర్వాత అతనికి కౌలుకిచ్చినవారి పేరు, ఇల్లా కొట్టమా పొలమా అన్న వివరం, విస్తీర్ణం, చివర నేలకూ కట్టడాలకూ విడివిడిగా కట్టిన విలువ. అడంగల్ చూసిన మనవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. మేయోలో చాలాచోట్ల ఒకే నంబరు కింద నలుగురైదుగురి పేర్లను ఒక బ్రాకెట్‌లో కలిపి, విస్తీర్ణం మాత్రం ఒక్కటే వేశారు. ఇళ్లకు ఎ, బి, సి అని అక్షరాలిచ్చారు. అది రన్‌డేల్ పద్ధతి. నేల ఉమ్మడి, ఎవరి సాగు ముక్కలు వాళ్లవి, అవీ అక్కడొకటి ఇక్కడొకటి. ఆ ఉమ్మడిదారులు చాలాసార్లు చుట్టాలే. ఇద్దరు పాట్రిక్ వాల్ష్‌లుంటే ఒకరి పక్కన బ్రాకెట్‌లో తండ్రి పేరు రాశారు. పన్ను తప్పుడు ఇంటిమీద పడకూడదన్న ఆ జాగ్రత్తే ఈనాడు మనకు ఒక తరం వెనక్కి దారి చూపిస్తోంది.

అచ్చుపుస్తకంతో ఆగితే సగమే తెలుస్తుంది. సాగుదారు మారితే పన్ను కట్టేవాడూ మారతాడు గనక, వాల్యుయేషన్ ఆఫీసులో చేతిరాత రివిజన్ పుస్తకాలు పెట్టి, పాత పేరు కొట్టేసి, ఏ ఏటి మార్పో తెలిసేలా రంగుసిరాతో కొత్త పేరు రాసేవారు. ఆ నంబరునే వెంబడిస్తూ 1901 జనగణన దాకా రావచ్చు.

నంబరు చేతులు మారినంత మాత్రాన కొడుక్కే వచ్చిందని ఎలా చెప్తామని అడగవచ్చు. నిజమే, ఒక్క రివిజన్ పుస్తకం చాలదు. మరణాల నమోదు 1864లో మొదలైంది. అందులో పేరు మారిన ఏడాదికి ముందు కొన్నేళ్లు వెతకాలి, ఎందుకంటే ఆఫీసు మార్పులు తరచూ ఆలస్యంగా ఎక్కేవి. రన్‌డేల్ నేలలను విడగొట్టినప్పుడు నంబర్లే మారాయన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అప్పుడు రివిజన్ మ్యాపులను పక్కన పెట్టుకుని పాత హద్దును కొత్త హద్దుతో పోల్చక తప్పదు.

ఏ మ్యాపూ తీర్చలేని లోటు ఒకటుంది. మేయో పుస్తకాలు అచ్చయింది 1850ల నడుమ, అంటే ఐర్లాండ్ మహా కరువు తర్వాత. 1841లో 3,88,000కు పైగా ఉన్న కౌంటీ జనాభా 1851కి సుమారు 2,74,000కు పడిపోయింది. 4 పౌండ్లు, అంతకు తక్కువ విలువ ఉన్న కమతాల మీద పేదల పన్ను భూస్వామే కట్టాలన్న నిబంధన కరువుకాలంలో చిన్న కౌలుదార్లను వెళ్లగొట్టడానికి ఒక కారణమైంది. అలా పోయినవాళ్లకు గ్రిఫిత్ పుస్తకంలో నంబరే లేదు. వాళ్ల కోసం 1820, 30ల నాటి చర్చి పన్ను పుస్తకాలూ, చర్చి రిజిస్టర్లూ తిరగేయాలి. నేల లేని కూలీల పేర్లు వాటిలోనూ చర్చి రిజిస్టర్లలోనే దొరికే అవకాశం ఎక్కువ.