బోర్లించిన పాత్ర

బర్మా భాషలో సమ్మెకు ఒక మాట ఉంది. దాని అసలు అర్థం 'భిక్షాపాత్రను బోర్లించడం'. తెల్లవారుతూనే గుమ్మం ముందుకొచ్చిన భిక్షువు పాత్రలో గరిటెడు అన్నం వేస్తే అక్కడ పుణ్యం పెట్టినవాడిదే. ఆ పాత్రను భిక్షువు బోర్లించాడంటే, నీ చేతి మెతుకు నాకొద్దు, నీకు ఆ పుణ్యమూ వద్దు అన్నట్టే. కత్తి లేదు, కేక లేదు. నమ్మినవాడికి అంతకు మించిన వెలి లేదు. సమ్మెకు ఇలాంటి పేరు పెట్టుకున్న జనం ఓడిపోయిన కథ ఇది.

స్వాతంత్ర్యం చేతికందకముందే ఆ ఇంట్లో శవం లేచింది. 1947 జులై 19న రంగూన్ సచివాలయంలో మంత్రివర్గ సమావేశం జరుగుతుండగా దుండగులు చొరబడి స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్ సాన్‌ను, సహచర మంత్రులను కాల్చి చంపారు. ఆయనకు 32 ఏళ్లు. కూతురు సూ కీకి రెండేళ్లు. ఆర్నెల్లకు, 1948 జనవరి 4న, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి తెల్లవారుజామున బర్మా స్వతంత్రమైంది. ఆ ముహూర్తబలం పద్నాలుగేళ్లు పనిచేసింది. 1962 మార్చి 2న జనరల్ నే విన్ గద్దెనెక్కాడు. ఆ జులైలోనే రంగూన్ విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సంఘ భవనాన్ని సైన్యం పేల్చేసింది. తర్వాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయమయ్యాయి. లక్షలమంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. ఆ దేశపు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో తరాలుగా చెమటోడ్చిన ఉత్తరాంధ్రవాళ్లూ వాళ్లలో ఉన్నారు. విశాఖలో 'బర్మా క్యాంపు' అన్న పేరు ఆ తిరుగు ప్రయాణానికి మిగిలిన గుర్తు.

పాతికేళ్లు గడిచాయి. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మార్చుకోవడానికి గడువైనా ఇవ్వలేదు. ఇంట్లో దాచుకున్న డబ్బు రాత్రికి రాత్రే చిత్తుకాగితమైంది. వాటి స్థానంలో 45, 90 క్యాట్ల నోట్లు వచ్చాయి. నే విన్‌కు అచ్చొచ్చిన అంకె తొమ్మిది మరి. మరుసటి మార్చిలో రంగూన్‌లోని ఓ టీ దుకాణంలో మొదలైన చిన్న తగాదా విద్యార్థుల ఊరేగింపై, పోలీసు తూటాల దాకా పోయింది. 1988 ఆగస్టు 8న దేశమే వీధిలోకొచ్చింది. రేవు కూలీలు, గుమాస్తాలు, నర్సులు, భిక్షువులు కలిసి నడిచారు. సైన్యం కాల్చింది. పోయింది వందలమంది అని ప్రభుత్వం చెప్పింది. మూడువేలు అని జనం లెక్క.

జబ్బుపడ్డ తల్లికి సేవ చేయడానికి ఆ వేసవిలోనే ఇంగ్లండ్ నుంచి వచ్చింది సూ కీ. ఆగస్టు 26న ష్వేడగోన్ పగోడా పడమటి ద్వారం దగ్గర లక్షలమంది ముందు మాట్లాడింది. తిరిగి వెళ్లలేదు. 1989 జులై నుంచి ఇల్లే జైలు. ఆమె నిర్బంధంలో ఉండగానే 1990 మే 27న ఎన్నికలు జరిగితే 485 స్థానాల్లో 392 ఆమె పార్టీకే వచ్చాయి. ఆ పార్లమెంటు ఒక్కరోజూ కూడలేదు. భర్త మైకేల్ ఆరిస్ క్యాన్సర్‌తో మంచం పట్టి, కడసారి చూడాలని వీసా అడిగితే సైన్యం ఇవ్వలేదు. బయటికి వెళితే మళ్లీ రానివ్వరని ఆమె కదల్లేదు. 1999లో ఆయన పోయాడు. గడప దాటకపోవడమే ఆమె పోరాటం. దాని ధర అది.

2007 ఆగస్టులో ఇంధనం ధరలు ఒక్కసారిగా పెంచారు. సెప్టెంబరు 5న పకొక్కు పట్టణంలో ఊరేగింపు తీసిన భిక్షువులను సైనికులు కొట్టారు. 17వ తేదీలోగా క్షమాపణ చెప్పాలని భిక్షువులు గడువు పెట్టారు. చెప్పలేదు. మర్నాటి నుంచి వేలమంది నల్లని లక్క పాత్రలు బోర్లించి పట్టుకుని, మైత్రీ సూక్తం చదువుతూ వానలో నడిచారు. సైనికాధికారుల ఇళ్ల భిక్ష అక్కర్లేదన్నారు. పది రోజులు తిరక్కుండా సైన్యం మఠాల మీద పడింది. పొద్దున చూస్తే మెట్ల మీద చెప్పులూ నెత్తురూ మిగిలాయి.

అయినా నిర్బంధం నుంచి బయటపడ్డ సూ కీ 2015 ఎన్నికల్లో గెలిచింది. అంతకు మూడేళ్ల ముందు, 2012 నవంబరులో, ఆమె మన అనంతపురం జిల్లా పల్లెకూ వచ్చి పొదుపు సంఘాల మహిళలను కలిసింది. ఈ ఆడమనిషి పేరు చెబితే అప్పట్లో ప్రపంచమంతా చేతులు జోడించేది. కానీ సైన్యం రాసిన రాజ్యాంగంలో నాలుగోవంతు సీట్లు సైన్యానివే. రక్షణ, హోం, సరిహద్దు శాఖలూ దానివే. 2017 ఆగస్టులో సైన్యం ముస్లింలైన రోహింగ్యాల ఊళ్లు తగలబెడితే ఏడు లక్షలమందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. చీవరం కట్టినవాళ్లలోనే కొందరు ఆ ద్వేషాన్ని ఎగదోశారు. ఆమె సైన్యాన్ని ఖండించలేదు. 2019 డిసెంబరులో హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి మరీ సైన్యం మీద వచ్చిన జాతిహత్య ఆరోపణలు సరికాదని వాదించింది. పదిహేనేళ్లు ఇంట్లో బందీగా ఉన్నప్పుడు ఆమెను ఎవరూ ఓడించలేకపోయారు. ఆ న్యాయస్థానంలో నిలబడి ఆమే ఓడిపోయింది.

ఆ వాదన సైన్యాన్ని కరిగించలేదు. 2020 నవంబరులో ఆమె పార్టీ మళ్లీ గెలిస్తే, 2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సైన్యం ఆమెను పట్టుకుపోయింది. డాక్టర్లు, పంతుళ్లు, రైల్వేవాళ్లు పని మానేశారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఇంటింటా గిన్నెలూ మూకుళ్లూ మోగాయి. చప్పుడు చేస్తే పీడ వదులుతుందని అక్కడి నమ్మకం. మార్చి 3న మాండలేలో పందొమ్మిదేళ్ల అమ్మాయిని తూటా పడగొట్టింది. ఆమె చొక్కా మీద 'అంతా మంచే జరుగుతుంది' అని రాసి ఉంది. వేసవి ముగిసేసరికి ఆమె ఈడువాళ్లు వేలమంది అడవులకెళ్లి తుపాకీ పట్టడం నేర్చుకున్నారు. ముప్ఫై మూడేళ్ల నిరాయుధ పోరాటం అక్కడితో ఆగిపోయింది.

2022 జులైలో సైన్యం నలుగురిని ఉరితీసింది. వారిలో కో జిమ్మీ 1988 ఊరేగింపుల్లో నడిచిన విద్యార్థి. ఫ్యో జేయా థా పాటగాడు, సూ కీ పార్టీ మాజీ ఎంపీ. శవాలను కుటుంబాలకు ఇవ్వలేదు.

తప్పు చేసినవాడు వచ్చి మన్నించమని అడిగితే బోర్లించిన పాత్రను మళ్లీ పైకి తిప్పాలని భిక్షువుల వినయ నియమం చెబుతుంది. పకొక్కులో కొట్టిన దెబ్బలకు అడిగిన క్షమాపణ గడువు 2007 సెప్టెంబరు 17తో తీరిపోయింది. ఆ క్షమాపణ రాలేదు.