తాళంచెవుల గుత్తికి దక్కిన కీర్తి

ఆయుర్వేదం అపస్మారమన్న వ్యాధినే మన పెద్దలు కాకిసోమాల అన్నారు. ఇప్పుడు మనం ఫిట్స్ అంటున్నాం. తెనాలి దాపున ఉన్న మా కొలకలూరు వైపు గానీ, మరే పల్లెలో గానీ, మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం తరతరాల ఆచారం. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. కీర్తి మాత్రం తాళంచెవులకు దక్కుతుంది.

దీన్ని చూసి నవ్వేముందు వైద్యచరిత్రను కూడా కాస్త తిరగవేయాలి. 1857లో లండను వైద్యుడు చార్లెస్ లోకాక్, కొందరు స్త్రీల మూర్ఛలకు కామోద్రేకం కారణమని తలచి, దాన్ని అణచడానికి పొటాషియం బ్రోమైడు ఇచ్చాడు. ఊహ తప్పు; మూర్ఛలు మాత్రం తగ్గాయి. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ నిద్ర కోసం ఇచ్చిన ఫినోబార్బిటాల్ మూర్ఛలనూ తగ్గించింది. మనవారెరిగిన గార్డినాల్ బిళ్ళ అదే. 1962లో ఫ్రాన్సులో పియర్ ఎయ్‌మార్ వేరే పదార్థాలను కరిగించడానికి వాల్ప్రోయిక్ ఆమ్లం వాడాడు. ఏది కరిగించినా మూర్ఛలు ఆగడంతో, గుణం ఆ ద్రావకానిదేనని తేలింది.

మరి తాళంచెవులకూ వీటికీ భేదమేమిటి? అనుకోని మేలును వైద్యులు మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. తాళంచెవులను ఎవరూ పరీక్షకు నిలబెట్టలేదు.

అయినా మందులకొక హద్దుంది. 2000లో క్వాన్, బ్రాడీ ప్రకటించిన అధ్యయనంలో 47 శాతం మందికి మొదటి మందుతో, 13 శాతానికి రెండవదానితో మూర్ఛలు ఆగాయి. ఆపైన ప్రయత్నాలతో ఆగినవి 4 శాతమే. తగిన మందులు రెండు విఫలమైతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని 2010లో అంతర్జాతీయ నిర్వచనం వచ్చింది. అటువంటివారిలో కొందరికి మెదడులో మూర్ఛ పుట్టే చోటును తొలగిస్తే ఉపశమనం కలుగుతుంది. మన చిత్తూరు సరిహద్దు దాటగానే ఉన్న వేలూరులో జేకబ్ చాందీ 1952లోనే ఆ శస్త్రచికిత్స చేశారు.

విచిత్రమేమంటే, ఆ తరువాత 24 ఏళ్ళకు, 1976లో, పదేపదే మూర్ఛలు వచ్చేవారు వివాహానికి అనర్హులన్న మాట హిందూ వివాహ చట్టంలోకి ఎక్కింది. దాన్ని తొలగించింది 1999లో. చట్టం నుంచి పోయిన ఆ మాట పెళ్ళిచూపుల నుంచి ఇంకా పోలేదు. అందుకే ఎన్నో ఇళ్ళలో వ్యాధిని దాస్తారు. దాచినవారు వైద్యుణ్ణి చేరేసరికి ఏళ్ళు గడుస్తాయి. అంతవరకు వారి చేతిలో మిగిలేది ఆ గుత్తే.