బిల్‌గ్రామీ: ఒక ఇంటిపేరు, దాని సాక్ష్యం

తెలుగువారిలో ఊరిపేర్లే ఇంటిపేర్లయిన సందర్భాలు కొల్లలు. దేవులపల్లి, వేటూరి వంటివి అసలుపేరుకు ముందు నిలిచి, తరతరాలుగా వంశం వెంట వస్తాయి. అరబ్బీ సంప్రదాయంలో ఇందుకు దగ్గరగా ఉన్నది ‘నిస్బత్’. ఊరు, తెగ, వృత్తి – వీటిలో దేనితోనైనా గల సంబంధాన్ని సూచిస్తూ ఇది పేరు చివర చేరుతుంది. ఒకే వ్యక్తికి రెండు మూడు నిస్బత్‌లు ఉండవచ్చు. మనిషి ఊరు మారితే నిస్బత్ కూడ మారవచ్చు. కనుక చరిత్రకారునికి ఇది విలువైన సాక్ష్యమే గాని, తొందరపడి నమ్మదగినది కాదు. తెలుగునాట అరుదుగా వినవచ్చే ‘బిల్‌గ్రామీ’ అనే పేరు ఇందుకు మంచి ఉదాహరణ.

బిల్‌గ్రామ్ ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లాలో, కనౌజ్‌కు అనతిదూరంలో ఉన్న చిన్న పట్టణం. 1540లో షేర్‌షా చేతిలో హుమాయూన్ ఓడిపోయిన యుద్ధాన్ని కొందరు ఈ ఊరి పేరుతోనే వ్యవహరిస్తారు. ఇక్కడి సయ్యదులు తమ పూర్వీకులు ఇరాక్‌లోని వాసిత్ నగరం నుండి వచ్చారని చెప్పుకున్నారు. అందుచేత వారి పేర్లలో ‘వాసితీ’, ‘బిల్‌గ్రామీ’ అనే రెండు నిస్బత్‌లూ కలసి కన్పించడం కద్దు. మొదటిది విడిచివచ్చిన ఊరు, రెండవది స్థిరపడిన ఊరు.

దక్కనులో ఈ పేరుకు శాశ్వతత్వం కల్గించినవాడు మీర్ గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ (1704–1786). ఔరంగాబాదులో జీవించి, ఖుల్దాబాదులో సమాధి అయిన ఈ కవి, తన స్వస్థలపు పండితుల, సూఫీల చరిత్రను ‘మఆసిరుల్ కిరామ్’ అనే పారశీక గ్రంథంలో పదిలపరిచాడు. 1758లో ఔరంగాబాదులో షానవాజ్ ఖాన్ హత్యకు గురై, ఆయన ఇల్లు దోపిడీ అయినప్పుడు, మొగలు ప్రభువుల జీవిత చరిత్రలైన ‘మఆసిరుల్ ఉమరా’ వ్రాతప్రతి చెల్లాచెదరైంది. ఆజాద్ ఆ పత్రాలను వెదకి, చేర్చి, క్రమపరిచాడు. ఆ శ్రమ లేకున్న ఆ గ్రంథం మనకు దక్కేది కాదేమో!

మరుసటి శతాబ్దంలో ఈ పేరు హైదరాబాదుకు వచ్చింది. సాలార్‌జంగ్ కొలువులో 1873లో చేరిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ (ఇమాదుల్ ముల్క్), అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి ప్రకటించే ‘దాయిరతుల్ మఆరిఫ్’ స్థాపకులలో ముఖ్యుడు. ఆయన పుట్టింది గయలో. అంటే ఆనాటికే ఈ నిస్బత్ జన్మస్థలాన్ని తెలిపే గుర్తుగా గాక, మన ఇంటిపేర్ల వలె వంశనామంగా మారిపోయిందన్నమాట. ఆయన సోదరుడు సయ్యద్ అలీ బిల్‌గ్రామీ, గుస్తావ్ లెబాన్ ఫ్రెంచిలో వ్రాసిన అరబ్బుల నాగరికతా చరిత్రను ‘తమద్దునె అరబ్’ పేర ఉర్దూలోకి తెచ్చాడు. హైదరాబాదు కట్టడాలను వర్ణించే ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్’ (1927) అనే ఆంగ్ల గ్రంథం మీద ఉన్నది సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ పేరు.

ఇంతవరకు పేరును పట్టుకొని మనుషులను చేరుకున్నాము. అయితే ఈ ఊరివారిలో అరబ్బు ప్రపంచమంతటా కీర్తి గడించిన పండితుడు మాత్రం ఈ పేరుతో వెదికితే దొరకడు. 1732లో బిల్‌గ్రామ్‌లో జన్మించిన సయ్యద్ ముర్తజా, విద్యార్థిగా యెమెన్‌లోని జబీద్ నగరంలో నివసించి, పిమ్మట కైరో చేరాడు. ఫీరోజాబాదీ నిఘంటువుకు ఏళ్ల తరబడి శ్రమించి ‘తాజుల్ అరూస్’ అనే బృహద్వ్యాఖ్య వ్రాశాడు. 1791లో కైరోలోనే ప్లేగు వ్యాధితో మరణించాడు. ఆయనను లోకం ఎరిగినది ‘జబీదీ’గానే. ఫీరోజాబాదీ కన్నుమూసింది కూడ జబీద్‌లోనే కావడం విశేషం.

గయలో పుట్టినవాడు బిల్‌గ్రామీ. బిల్‌గ్రామ్‌లో పుట్టినవాడు జబీదీ! ఇంటిపేర్ల ఆధారంగా మాత్రమే చరిత్ర వ్రాస్తే, అరబ్బీ భాషకు ఇంతటి సేవ చేసిన భారతీయుణ్ణి యెమెన్ లెక్కలో జమకట్టవలసి వస్తుంది. పేరు మనిషి గడిపిన జీవితంలో ఒక మజిలీని చూపుతుంది. తక్కిన మజిలీలను గ్రంథాలలోనూ, శిష్యులు వ్రాసిన చరిత్రలలోనూ వెదకుకోవడం పరిశోధకుని విధి.