మూరెడు లోతు నీళ్ళు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా నరసన్నపేట గంజాం జిల్లాలో ఉండేది. చుట్టూ ఉర్లాం, టెక్కలి, పర్లాకిమిడి జమీందారీలు. సాగంతా గెడ్డల మీద, వంశధార నుంచి తవ్వుకున్న కాలవల మీద, ఊరూరా ఉన్న చెరువులు, బందల మీద ఆధారపడేది. చలికాలంలో ఈ నీళ్ళ మీదికి అడవి బాతులు దిగేవి. వాటి మంచిచెడ్డల గురించి మాట వచ్చినప్పుడల్లా వేట గురించే ఎక్కువగా చెప్పుకుంటాం: ఎవరు కాల్చారు, ఎవరు వల పన్నారు, ఏ చట్టం ఆపింది అని. ఈ ప్రాంతపు చరిత్ర చూస్తే నాకు తోచేది వేరు. ఇక్కడ బాతులకు చోటు మిగిల్చింది వేట చట్టాలకంటే ముందు, ఆ నీటితో సొంత అవసరం ఉన్న రైతులూ, పశువుల కాపరులూ, చేపలు పట్టేవాళ్ళూ.

బాతు బతికే తీరు చూస్తే ఇది తెలుస్తుంది. చలికాలంలో ఇక్కడికి వచ్చే సూదితోక బాతు నీళ్ళలో మునిగి ఈదదు. తల కిందికీ తోక పైకీ పెట్టి, మెడ అందినంత లోతులో గింజలు, దుంపలు, పురుగులు ఏరుకుంటుంది. దానికి కావలసింది జానెడు నుంచి మూరెడు లోతు నీళ్ళు. నిండు చెరువు నడిబొడ్డు దానికి పగటి విశ్రాంతికే పనికొస్తుంది, మేతకు కాదు. పాతకాలపు వరి చెరువు ఈ అవసరానికి అచ్చంగా సరిపోయేది. వానలకు నిండిన చెరువుకు వరి కోసం మదుము ఎత్తుతూ ఉంటే కార్తీకం, మార్గశిరం నెలల్లో నీటి అంచు రోజురోజుకూ వెనక్కి జరిగేది. బురదలో తుంగ గింజలు తేలేవి. సరిగ్గా అప్పుడే మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వలస బాతులు వచ్చేవి. పగలు నీటి మీద కునికి, చీకటి పడ్డాక కోత అయిన మళ్ళలో రాలిన ధాన్యం ఏరుకునేవి. ఇక్కడే ఉండిపోయే ఈల బాతులకు, చిన్న తెల్ల బాతులకు వానాకాలమే గుడ్లు పెట్టే కాలం. చిన్న తెల్ల బాతు గట్టు మీది ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి గట్టూ, చెట్టూ, పూడికా అన్నీ దాని ఇంట్లో భాగాలే. ఆ గట్లకు ఏటా మన్ను వేసింది ఆయకట్టు రైతులు. ఆ కుడిమరామత్తు ఆనవాయితీని నిలబెట్టడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం కూడా చేసింది.

వేట చట్టాలు ఆ తరవాత వచ్చాయి. 1912 నాటి వన్య పక్షులు, జంతువుల రక్షణ చట్టం బాతుల్ని జాబితాలో చేర్చి, కొన్ని నెలల పాటు వేట నిషేధించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. అది ఇక్కడ గుడ్లు పెట్టే బాతులకు పనికొచ్చేదే. ఎండాకాలానికి తిరిగి వెళ్ళిపోయే వలస బాతుకు దానితో లాభం తక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లైసెన్సు వేటను కట్టుదిట్టం చేసింది, 1991 సవరణ దాన్ని ఎత్తేసింది. ఇవి అక్కరలేదని నేను అనను. వల, తుపాకీ ఆగకపోతే మంచి చెరువు కూడా ఖాళీ అవుతుంది. అయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఆ తరవాత మరామత్తు సన్నగిల్లి, అంచులు ఆక్రమణకు లోనై, గుర్రపుడెక్క కమ్ముకుపోతుంటే ఏ వేట చట్టమూ దాన్ని ఆపలేదు. పిట్టకు రక్షణ దొరికింది గాని దాని ఇంటికి దొరకలేదు.

వేటగాళ్ళే బాతులకు మేలు చేసిన దేశాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. అమెరికాలో 1934 నుంచి బాతుల వేటకు వెళ్ళేవాళ్ళు స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొన్నారు. మన దేశంలోనే భరత్‌పూర్ చిత్తడి నేల రాజుల వేట కోసం పెంచిందే. 1938 నవంబరులో ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కాల్చారక్కడ. కానీ అమెరికాలో వేటగాడు నేలకు ఖర్చు పెట్టాడు. మన చెరువుకు ఖర్చు పెట్టింది, చెమటోడ్చింది రైతు. భరత్‌పూర్‌లోనే మరో పాఠం ఉంది. 1982లో అక్కడ గేదెల మేత నిషేధించారు. పశువులు పోయాక గడ్డి పెరిగి నీటిని కమ్మేసిందని, బాతుల మేత చోటు తగ్గిందని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అధ్యయనంలో తేలింది. పక్షుల కోసమే అంటూ ఊరివాళ్ళ పశువుల్ని వెళ్ళగొడితే పక్షులకే నష్టం జరిగింది.

ఈ ప్రాంతపు సాక్ష్యం కూడా ఇదే వైపు ఉంది. సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలలు నీటితో, గడ్డితో, చేపలతో వేలమందికి బతుకునిచ్చిన చోట్లు. బీలను పనికిరాని భూమిగా లెక్కగట్టి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. దానిమీద జరిగిన పోరాటంలో 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కాకరాపల్లి దగ్గర 2011 ఫిబ్రవరి 28న మళ్ళీ అదే జరిగింది. బీల ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతి 2010 జులైలోనే రద్దయింది. ఆ మనుషులు బాతుల కోసం నిలబడలేదు, పొలం కోసం, వల కోసం నిలబడ్డారు. బాతులకు చోటు మిగిలింది అలానే. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గూళ్ళు కడితే అది శుభమని నమ్మి ఊరివాళ్ళు కాపాడుకుంటున్నారు. వాటిని సైబీరియా పక్షులంటారు గాని అవి ఈ దేశంలోనే పుట్టి తిరిగేవి. నిజంగా అంత దూరం నుంచి వచ్చేది చెరువు మీద దిగే సూదితోక బాతే, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు.

గొట్టా బ్యారేజి ఎడమ కాలవ వచ్చాక నీరు పెరిగింది కదా, ఇంకా కొరతేమిటి అన్నది మరో అభ్యంతరం. కాలవ వరిని పెంచింది, నిజమే. కానీ కాలవకు చెరువులా నెమ్మదిగా లోతయ్యే అంచు ఉండదు. పూడిక తీత పేరుతో యంత్రాలు చెరువును అంచుదాకా గోడలా నిలువున తవ్వితే నీటి నిల్వ పెరుగుతుందేమో గాని మూరెడు లోతు మేత చోటు మాయమవుతుంది. నడిమి భాగాన్ని లోతు చేసి, ఒక పక్క నేలను వాలుగా వదిలి, గట్టు మీది తొర్ర చెట్లను కొట్టకుండా ఉంచి, వేసవిలో పశువుల్ని రానిస్తే చాలు. ఇందుకు కొత్త నిధి అక్కరలేదు, నీటి సంఘాలు ఇప్పటికే చేయించే పనికి గీసే ప్లానులోనే ఈ నాలుగు మాటలు చేర్చవచ్చు.