రేడియోలోని రొద

1935లో నిజాం ప్రభుత్వము హైదరాబాదు రేడియో కేంద్రమును తన ఆధీనములోనికి తీసికొనెను. అచ్చటినుండి రోడ్డు మార్గమున కరీంనగరము సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాదు సుమారు 300. దూరము హెచ్చిన కొలది సంకేతము క్షీణించును. గరగరమను రొద మాత్రము తగ్గదు. రిసీవరులో ధ్వనిని హెచ్చించినచో మాటతోపాటు రొదయు హెచ్చును. కనుక చూడవలసినది ధ్వని కాదు, సంకేతమునకును రొదకును గల నిష్పత్తి.

ఈ రొద ఎచ్చటిది? వాహకములలోని ఎలక్ట్రానుల ఉష్ణచలనము ఒక కారణమని 1928లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్సన్, నైక్విస్టు నిరూపించిరి. బయటినుండి వచ్చు రొదను అచ్చటనే కార్ల్ జాన్‌స్కీ 1932లో మూడు తెగలుగా విభజించెను: సమీపపు మెరుపులది, దూరపు మెరుపులది, ఎడతెగని సన్నని బుస. ఆ బుస పాలపుంతనుండి వచ్చుచున్నదని 1933లో ప్రకటించెను. రేడియో ఖగోళశాస్త్రమునకు అదే నాంది.

హ్రస్వతరంగములను వినెడు ఔత్సాహికులకు ఇందు ఒక సులభమైన పరీక్ష కలదు. ఏరియల్ తీగను ఊడదీసినపుడు రొద బాగుగ తగ్గినచో అది బయటిది. ఇంకను మేలైన రిసీవరు కొన్నను పోదు. తగ్గనిచో కారణమును రిసీవరులోనే వెదకవలెను.

1986లో ఆదిలాబాదులోనే ఆకాశవాణి కేంద్రము వెలసెను. ఆకాశములోని రొద అట్లే యున్నది. సంకేతము చేరువై దానిని మించినది.