థర్మోస్టాట్ పీకేసిన రోజులు

అంబాసిడర్ల కాలంలో విజయవాడ ఆటోనగర్‌లో చాలా షెడ్లకు ఒక అలవాటు ఉండేది. ఎండాకాలంలో బండి హీటెక్కి వస్తే ముందు థర్మోస్టాట్ వాల్వ్ పీకేసేవాళ్లు. ‘మన ఎండలకు ఇదెందుకండీ, చలిదేశాల సరుకు’ అంటే ఓనర్లూ తలూపేవాళ్లు. నేను పని నేర్చుకున్నది ఆ రోజుల్లోనే.

ఆ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. 1950ల చివర్లో వచ్చిన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఇలాంటి వాల్వ్ లోపల మైనం ఉంటుంది. నీళ్లు 80 డిగ్రీలు దాటాక అది కరిగి, ఉబ్బి, రేడియేటర్‌కు దారి తెరుస్తుంది. మనవాళ్లు కూలెంట్ పోసేది తక్కువ, బోరునీళ్లే ఎక్కువ. సున్నం పేరుకుని, తుప్పు పట్టి వాల్వ్ మూసుకున్నచోటే బిగిసిపోయేది. పీకేస్తే బండి ఆ పూటకు రోడ్డెక్కేది.

మా మేస్త్రిగారు మాత్రం పీకనిచ్చేవారు కాదు. ఇంజన్ కాగుతున్నా రేడియేటర్ పై పైపు చల్లగా ఉందంటే వాల్వ్ తెరుచుకోలేదని, పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే రేడియేటర్ పూడిందని, రెండూ కాలుతుంటే ఫ్యాన్ బెల్ట్ చూడమని చెప్పేవారు. చల్లారాక మూత తీసి స్టార్ట్ చేయించేవారు. బుడగలు ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. వాల్వ్‌నైతే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి, తెరుచుకుంటుందో లేదో ఓనరుకే చూపించేవారు.

వాల్వ్ లేని బండి మామూలుగా చల్లగానే నడుస్తుంది. పెట్రోలు సరిగా ఆవిరికాక సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజన్ త్వరగా అరుగుతుంది. ఆ నష్టం ఎప్పటికో బయటపడేది కాబట్టి నింద వాల్వ్ పీకిన చేతి మీదికి వచ్చేది కాదు.

1983 చివర్లో వచ్చిన మారుతి 800తో కరెంటు ఫ్యాన్ వచ్చింది, బెల్ట్‌తోపాటు ఫ్యూజులూ స్విచ్చీ వెతకడం నేర్చుకున్నాం. కానీ పీకే అలవాటుకు దెబ్బ తగిలింది 2000 ప్రాంతంలో, కార్బురేటర్లు పోయి, పెట్రోలును కంప్యూటర్ కొలిచి పోసే ఎంపీఎఫ్ఐ ఇంజన్లు వచ్చాకే. వాల్వ్ లేక ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబితే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేదీ ఆ వాల్వే. అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండా అడ్డదారినే తిరిగొస్తుంది, చల్లబడాల్సిన ఇంజన్ ఇంకా కాగుతుంది.

ఇప్పుడు స్కానర్ కోడ్ చూపిస్తుంది. అయినా తప్పు వాల్వ్‌దో సెన్సర్‌దో తేల్చడానికి పైపుల వేడి చూడాల్సిందే. పీకే అలవాటు పోయినా మేస్త్రిగారి పద్ధతి నిలిచింది ఇందుకే. ఒక భాగం ఎందుకుందో ఓనరుకు చెప్పగలిగినవాడికే దాన్ని విప్పే హక్కు ఉంది.