బేరం ఎక్కడ తెగుతుంది? నాష్ నుంచి మయర్సన్ వరకు

ఇద్దరి మధ్య బేరం ఏ ధర దగ్గర తెగుతుందన్న ప్రశ్నకు అర్థశాస్త్రం చాలాకాలం కచ్చితమైన జవాబు చెప్పలేకపోయింది. 1881లో ఎడ్జ్‌వర్త్ ఒప్పంద రేఖను వివరించి, దానిపై ఏ బిందువు దగ్గరైనా బేరం ఆగవచ్చునన్నాడు. సిద్ధాంతం హద్దులు గీస్తుంది. మిగతాది బేరమాడేవారి నేర్పు.

ఈ స్థితిని మార్చినవాడు జాన్ నాష్. 1950లో 'ఎకనోమెట్రికా'లో అచ్చయిన ఆయన వ్యాసానికి బీజం, విద్యార్థి దశలో విన్న అంతర్జాతీయ అర్థశాస్త్ర పాఠాల్లో పడింది. సామర్థ్యం, సౌష్ఠవం వంటి నాలుగు నియమాలను అంగీకరిస్తే పరిష్కారం ఒక్కటే ఉంటుందని ఆయన నిరూపించాడు. బేరం చెడితే మిగిలేదానికి మించి ఇద్దరికీ దక్కే అదనపు ప్రయోజనాలను గుణించాలి. ఆ లబ్ధం గరిష్ఠమైన చోటే పరిష్కారం.

ఒక లెక్క చేద్దాం. ఇద్దరు 300 రూపాయలు పంచుకోవాలి. ఒప్పందం కుదరకపోతే ఇద్దరికీ సున్నా. మొదటివారికి ఎన్ని రూపాయలో అంత ప్రయోజనం. రెండోవారికి నష్టభయం ఎక్కువ, వారి ప్రయోజనం వచ్చిన డబ్బుకు వర్గమూలం. గుణించి చూడండి: మొదటివారికి 200, రెండోవారికి 100 వస్తాయి. భయపడేవారికి తక్కువ! నాష్ పరిష్కారం అంటే సమాన పంపకమని జవాబుపత్రంలో రాసేముందు ఈ లెక్కను గుర్తుచేసుకోండి. 1975లో కలాయ్, స్మొరొడిన్‌స్కీలు నాష్ నియమాల్లో ఒకదాన్ని మార్చి వేరే పరిష్కారం ప్రతిపాదించారు.

అయితే నాష్ నమూనాలో ఒకరి మనసులోని విలువ మరొకరికి తెలుసు. సంతలో అలా ఉండదు. అమ్మేవారు తమ ధరను పెంచి చెబుతారు, కొనేవారు తగ్గించి చెబుతారు. నిజం చెప్పడమే లాభమయ్యేలా నియమాలు రూపొందించవచ్చా? ఈ ప్రశ్నకు పునాది వేసినవాడు లియోనిడ్ హర్విక్జ్. ప్రోత్సాహక అనుగుణ్యత అనే భావన ఆయనదే. 2007లో మాస్కిన్, మయర్సన్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకునేసరికి ఆయన వయసు 90 ఏళ్లు.

1983లో మయర్సన్, సాటర్‌త్‌వైట్ ఇచ్చిన జవాబు నిరాశపరిచేదే. ఇద్దరి విలువలూ రహస్యమై, ఎవరి విలువ ఎక్కువో ముందే తేలనప్పుడు, బలవంతం గాని బయటి సబ్సిడీ గాని లేకుండా లాభదాయకమైన ప్రతి బేరాన్నీ కుదిర్చే పద్ధతి లేదు. ఉదాహరణకు ఇద్దరి విలువలూ 0 నుంచి 100 లోపు ఎక్కడైనా సమాన సంభావ్యతతో ఉన్నాయనుకుందాం. ఇద్దరూ ఒకేసారి ధర రాసి ఇస్తారు. కొనేవారి ధర ఎక్కువైతే మధ్య ధరకు అమ్మకం జరుగుతుంది. ఛటర్జీ, శామ్యూల్సన్ విశ్లేషించిన సమతాస్థితిలో, అసలు విలువల మధ్య తేడా కనీసం 25 ఉంటేనే బేరం తెగుతుంది. తేడా 20 ఉన్నా, ఇద్దరికీ లాభమే అయినా, ఎవరిదారిన వారు వెళ్లిపోతారు. ఈ ఉదాహరణలో సగటు లాభాన్ని ఇంతకుమించి పెంచే పద్ధతి మరొకటి లేదని మయర్సన్, సాటర్‌త్‌వైట్ చూపించారు.